పొగ గుడ్డల పెద్దాయన

మా హిందూపురంలో ఏ సర్కిలు దగ్గర నిలబడి తలెత్తినా ఫ్లెక్సీలే. పుట్టినరోజుకొకటి, పదవి వచ్చినందుకొకటి, రాబోతున్నందుకొకటి. చచ్చిపోతే నల్లరంగు వేసి మరొకటి. ఆ మొహాల్లో సగం మంది ఈ ఊరికి ఏం చేశారో, డెబ్బై ఆరేళ్ళుగా ఇవే వీధుల్లో తిరుగుతున్న నాకే తెలియదు. పోయిన నెల పెనుకొండలో ఒక మనిషి పోయాడు. ఆయన కోసం ఒక్క ఫ్లెక్సీ లేవలేదు. పేపర్లో ఒక్క గీత రాలేదు. ధర్మవరం నుంచి కారులో తిరిగొస్తూ మా కోడలు ఆయన షెడ్డు మూసి ఉండటం చూసి, పక్కన టీ అంగడిలో అడిగి తెలుసుకుంది.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడింది. "మామా, అన్న పోయినాడంట. మూడు దినాలయిందంట. మనకెవరూ చెప్పనే లేదు."

నాకు ముందు కోపం వచ్చింది. దుఃఖం తర్వాత వచ్చింది. పదిమంది బళ్ళను కొండెక్కించిన మనిషి పోతే పదిమందికి తెలియకుండా ఎట్లా పోతాడు? ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. బతికినన్నాళ్ళూ తన షెడ్డుకు బోర్డే పెట్టుకోని మనిషి. ఎందుకు పెట్టవని ఒకసారి అడిగితే, "బోర్డు చూసి వచ్చేటోడు రిపేరుకు రాడబ్బా, రేటు అడగను వస్తాడు" అన్నాడు. పెనుకొండలో పాత రోడ్డు పక్కన నాలుగు రేకులు, రెండు సిమెంటు స్తంభాలు, నూనె తాగి నల్లబడిన నేల. అదే షెడ్డు. దాన్ని గుర్తుపట్టడానికి ఒకటే ఆనవాలు. ఆ చివరి నుంచి ఈ చివరికి కట్టిన తీగ మీద తెల్లగుడ్డ ముక్కలు వేలాడుతూ ఉండేవి. తెలియనివాళ్ళు చాకలి పని అనుకునేవాళ్ళు.

అవి పొగ గుడ్డలు. డీజిల్ బండి ఏది వచ్చినా ఆయన ముందు చేసే పని అదే. టైలరు అంగడి నుంచి తెచ్చుకున్న తెల్లగుడ్డ ముక్క ఒకటి తీసి, పొగ గొట్టానికి జానెడు దూరంలో పట్టుకుని, "యాక్సిలరేటరు మూడు తూర్లు తొక్కు" అనేవాడు. గుడ్డ మీద పడిన మచ్చను ఎండలోకి తీసుకుపోయి చూసేవాడు. వేలితో రుద్దేవాడు, వాసన చూసేవాడు. పొడి నల్లమసి అయితే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పోతోంది. జిడ్డుగా ఉంటే ఇంజనాయిలు కాలుతోంది. తడిగా ఉండి కళ్ళు మండిస్తే డీజిల్ కాలకుండానే బయటికొస్తోంది. చూశాక సుద్దముక్కతో బండి నంబరు రాసి తీగకు తగిలించేవాడు. బాగు చేశాక మరో గుడ్డ పట్టి, మొదటి దాని పక్కనే వేలాడదీసేవాడు. బండాయన వచ్చి రెండూ చూసుకోవాలి. అదే ఆయన బిల్లు, అదే రసీదు.

ఒక చెవి సరిగా వినపడేది కాదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "అరవాకప్పా. ఈ చెవి మనుషులకి, అది అరిగిపోయింది. ఆ చెవి ఇంజన్లకి, అది బాగుండాది" అని తల తిప్పుకునేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, దాని కట్టె పిడిని ఆ మంచి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, దేవుడి గదిలో కూర్చున్నవాడిలా ఉండేవాడు. అప్పుడెవరైనా మాట్లాడితే మాత్రం తిట్లు దేవుడి గదికి సరిపోయేవి కావు.

వచ్చినవాడు వచ్చీరాగానే బానెట్టు ఎత్తడం ఆయనకు నచ్చేది కాదు. "ముయ్యప్పా ముందు. మనిషి ఆస్పత్రి గడప దాటకముందే కడుపు కోస్తారా యాడన్నా? టీ తాగు. చెప్పు." ఆ టీ తాగేలోపల మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎప్పటినుంచి? ఏ టయాన ఎక్కువ? దానికి ముందు దినం బండికి ఏం చేసినారు? మూడో ప్రశ్నకు లోకమంతా ఒకటే జవాబు చెప్పేది, "ఏమీ చేయల్యా" అని. ఆయన టీగ్లాసు కింద పెట్టేవాడు. "ఏమీ చేయకుండా ఏమీ కాదప్పా. బాగా గుర్తు చేసుకో. నాకేం తొందరలేదు."

ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఒకసారికి ఒకటే పని. రెండు వస్తువులు ఒకేసారి మార్చడు, రెండు మరలు ఒకేసారి బిగించడు. ఒకటి సరిచేసి, "పోయి తిప్పుకోని రా" అనేవాడు. ఎంతమందికి ఒళ్ళు మండి వేరే గ్యారేజీకి పోయారో నేను కళ్ళారా చూశాను. వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారో కూడా చూశాను. తిరిగొచ్చినవాళ్ళను ఒక్క మాట అనేవాడు కాదు. టీ చెప్పేవాడు, మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టేవాడు.

నాకు ఆయన పరిచయం ఒక బెల్లం లారీ దగ్గర. నేను అయిదో తరగతితో బడి వదిలి, పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. హిందూపురం బెల్లం మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఒక దినం మా లోడు లారీ పెనుకొండ ఘాటు రోడ్డు ఎత్తులో నిలబడిపోయింది. కొంతదూరం బాగా పోతుంది, తర్వాత ఆయాసపడి ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్ళీ స్టార్టవుతుంది. డ్రైవరు డీజిల్ పంపు పోయిందన్నాడు. ఇంకొకాయన ఇంజను దించాలన్నాడు. అప్పుడు నా వయసువాడే ఒకడు, సన్నగా, చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, డీజిల్ ట్యాంకు మూత సగం తిప్పాడు. ఉస్సుమని లోపలికి గాలి పీల్చుకుంది ట్యాంకు. "నడుపు" అన్నాడు. లారీ ఘాటెక్కింది.

ట్యాంకు మూతకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. లోపల డీజిల్ తగ్గేకొద్దీ అందులోంచి గాలి పోవాలి. మా డ్రైవరు బెల్లం పాకం అంటిన గోనెపట్టాతోనే రోజూ ఆ మూత తుడిచేవాడు. పాకం, ఎర్రదుమ్ము కలిసి ఆ రంధ్రానికి సీలు వేశాయి.

"యాడ నేర్చుకున్నావప్పా ఇది?" అన్నాను.

"అడిగి" అన్నాడు. "నువ్వు లెక్కలు రాస్తాండావే, అది యాడ నేర్చుకున్నావు?"

"చదివి."

"ఎవురు చదివించినారు?"

"ఎవురూ లేరు."

అప్పుడు నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదు. ఆ నవ్వుతో మొదలైన స్నేహం నలభై ఏళ్ళు దాటింది. చదువు లేనోడు చదువు లేనోడు అని జనం ఆయన గురించి చులకనగా మాట్లాడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. గుడ్డ మీద మచ్చ చదవడం చదువు కాదా? డిగ్రీ కాగితం గోడకు తగిలించుకుని, ఎదుటి మనిషి చెప్పేది వినను కూడా ఓపిక లేనివాళ్ళను నేను చానామందిని చూశాను.

ఇప్పుడు మా కోడలి కారు సంగతి చెప్పాలి. ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మా కోడలు ఇదివరకు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోయేది. పొద్దున ఏడుకు పోతే చీకటి పడ్డాక వచ్చేది. మిషను మీద వంగి వంగి మెడ పట్టేసి, అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. తర్వాత ధర్మవరం మగ్గాల దగ్గర నుంచి పట్టుచీరలు తెచ్చి, హిందూపురంలో ఆడవాళ్ళ చేత కొంగుకు కుచ్చులు వేయించి, తిరిగి అందించే పని పట్టుకుంది. బస్సులో మూటలు మోస్తే చీరలు నలిగేవి, మాసిపోయేవి. కారు కొనమని మా అబ్బాయిని వేధించింది నేనే. ఎనిమిదేళ్ళు వాడిన డీజిల్ కారు ఒకటి కొన్నారు. కోడలు నెలరోజుల్లో తోలడం నేర్చుకుంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఆమె తెచ్చే చీరల కోసం ఎదురుచూసేవాళ్ళు.

రెండు నెలలు నిక్షేపంగా తిరిగింది. తర్వాత కారుకు బలం పోయింది. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చేది పదకొండుకు పడింది. చదునులో బాగానే పోతుంది, ఎత్తు వస్తే ఈడ్చుకుంటుంది. పెనుకొండ ఘాటులో రెండో గేరులో నల్లపొగ వదులుతూ పోతుంటే, లోడు లారీలు కూడా హారను కొట్టి దాటిపోయేవి. "ఏమ్మా, దోమల మందు కొడతాండావా?" అని ఒక మోటారుసైకిలోడు అరిచి పోయాడంట.

హిందూపురంలో ఏసీ గదులున్న ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయాం. కంప్యూటరు తగిలించారు. గాలి తక్కువ వస్తోందని చూపించింది. గాలి ఫిల్టరు మార్చారు, కుదరలేదు. గాలిని కొలిచే సెన్సరు మార్చారు, కుదరలేదు. ఇక ఇంజనులోకి గాలి తోసే టర్బో, అన్నిట్లోకీ ఖరీదైనది, మార్చాల్సిందే అన్నారు. ఆ మాటతో మావాడి ఓపిక చచ్చింది. బ్రోకరుకు ఫోను చేశాడు. ఆదివారం ఒకాయన వచ్చి కారు చూసుకుంటాడని ఖాయం చేసుకున్నాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేదు.

 ఆ సాయంత్రం కోడలు పాత గార్మెంట్స్ గుర్తింపు కార్డు బీరువాలోంచి తీసి, గడువు తేదీ చూసి, మళ్ళీ లోపల పెట్టడం నేను చూశాను.  బుధవారం పొద్దున్నే ఇద్దరినీ లేపి కారెక్కించాను.

"ఆయప్ప దగ్గరికా? కంప్యూటరుకే దొరకంది ఆయప్పకేం దొరుకుతాది నాయనా?" అన్నాడు మావాడు.

"నోరు మూసుకోని కూచో" అన్నాను.

షెడ్డు చేరగానే గుడ్డ పట్టాడు. బొగ్గుతో రుద్దినట్లు వచ్చింది. టీ చెప్పాడు. ప్రశ్నలు మొదలుపెట్టాడు. మావాడు గబగబా జవాబులు చెబుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండి తోలేదెవరు?"

"మా ఆడమనిషి."

"మరి నువ్వు చెప్తాండావేమప్పా? నువ్వు టీ తాగు." కోడలి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. చెడిపోకముందు బండికి ఏం చేసినారు?"

"ఏమీ చేయల్యా అన్నా. సర్వీసుకు కూడా ఇయ్యల్యా."

నేనూ తల ఊపాను. ఏమీ చేయలేదు, నేను సాక్షి. ముందు ఓనరు మోసం చేసి అంటగట్టాడని నాలుగు తిట్లు కూడా జోడించాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. "రామ్మా, ఘాటెక్కుదాం" అన్నాడు. మావాణ్ణి టీ అంగడి దగ్గరే వదిలి, ఆమె పక్కన ఆయన కూర్చున్నాడు, వెనక నేను.

ఎత్తు మొదలవగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మూడో గేరులోనే ఉంచు. బాగా తొక్కు. ఇప్పుడెట్లుండాది?"

"ఎవరో ఎనక నుంచి పట్టుకున్నట్లుండాది అన్నా."

"ఎప్పుడు ఇడుస్తాడు వాడు?"

కోడలు కాలు కాస్త ఎత్తి చూసింది. "యాక్సిలరేటరు మీద కాలు సగం తీస్తే."

"తీసినాక ఎంతసేపటికి?"

"ఎంటనే. కాలు తీస్తానే ఇడుస్తాడు. మళ్ళా గట్టిగా తొక్కితే పట్టుకుంటాడు."

ఆయన కళ్ళు తెరిచాడు. "ఇంకోసారి చెప్పు ఆ మాట." ఆమె చెప్పింది. "అయితే టర్బో కాదులే. అది పోయుంటే నువ్వు కాలు తీస్తానే సర్దుకోదు. ఏదో గట్టిగా పీల్చినప్పుడు మూసుకుంటాది, పీల్చకుంటే తెరుచుకుంటాది. తిప్పమ్మా బండి, ఎనక్కి పోదాం."

మూడు నెలల్లో ఆమెను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఇది రాస్తున్నా నాకు మళ్ళీ కోపం వస్తోంది. రోజూ తోలే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆమెను అడగకుండా కంప్యూటరు డబ్బాను అడిగారు.

షెడ్డులో అప్పుడు ఎత్తాడు బానెట్టు. ఆమెను స్టీరింగు ముందు కూర్చోమని, తను ముందు భాగంలో రేడియేటరు పక్కన వంగాడు. మావాడు, నేను చెరోపక్క. "ఇప్పుడు తొక్కు."

రేడియేటరు పైన అడ్డంగా ఉన్న పట్టీకి ఒక పట్టుగుడ్డ కట్టి ఉంది. పసుపురంగు, సన్నని జరీ అంచు. దాని వదులు కొస మెల్లగా లేచింది. పక్కనే ఇంజనుకు గాలి పీల్చే పైపు నోరు. కొస ఆ నోట్లోకి పోయి, పరుచుకుని, మూతలా అతుక్కుంది. ఇంజను గొంతు మారిపోయింది. వెనక నల్లపొగ లేచింది.

"ఇడువు."

గుడ్డ జారి కిందపడింది. ఏమీ ఎరగనట్లు వేలాడింది.

"తొక్కు." లేచింది. "ఇడువు." పడింది. మూడుసార్లు చేయించాడు. 

ఆ గుడ్డ కట్టింది నేను. కారు కొన్న రెండు నెలలకు కదిరికి తీసుకుపోయి నరసింహస్వామి గుడిముందు పూజ చేయించాం. ధర్మవరంలో తెలిసిన నేతగాడు మగ్గం కొసన మిగిలిన పట్టుముక్క ఇస్తే, స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చి కట్టాను. బయట కడితే దుమ్ము పడుతుందని, ఎవరైనా విప్పుకుపోతారని, బానెట్టెత్తి లోపల భద్రంగా కట్టాను. ధర్మవరం నేత అంటే మాటలా, నీళ్ళు కూడా నిలబడేంత చిక్కన. గాలేం దూరుతుంది! ఏమీ చేయలేదని ముగ్గురమూ ఒట్టేసి చెప్పాం. పూజ చేయించడం బండికి చేసిన పని కిందికి వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. వర్క్‌షాపువాళ్ళు కూడా ఎన్నోసార్లు ఆ గుడ్డను చూసే ఉంటారు. దేవుడి గుడ్డ కదా అని చెయ్యి పక్కకు జరిపి పని చేసుకుని ఉంటారు.

ఆయన ముడి దగ్గర వంగి చూశాడు. అది బెల్లం బస్తాలకు మండీలో వేసే ముడి. నా చేత్తో అట్లాంటివి కొన్ని వేలు వేయడం ఆయన చూసినవాడే. తలెత్తి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మావాడితో అన్నాడు. "ముందు ఓనరు కట్టింటాడులేప్పా."

నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. అప్పటికి నోరు మూసుకుంటే పోయేది. కానీ ఎదుటివాళ్ళను అన్ని తిట్లు తిట్టినవాణ్ణి, ఆ ఒక్క అబద్ధం కింద దాక్కోలేకపోయాను.

"ముందు ఓనరు కాదు. నేనే కట్టినా."

మావాడు నోరు తెరిచాడు. "నువ్వా! మూడు నెలల్నుంచి వాళ్ళను తిడతాండావు, వీళ్ళను తిడతాండావు. ఆయప్ప ఎవరో పాపం, అమ్మినోడు, వాని ఏడుతరాలు తిట్టినావు గదా నాయనా!"

స్టీరింగు ముందు కోడలు తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకోలేకపోతోంది.

ఆయన గుడ్డను విప్పి, దుమ్ము దులిపి, చక్కగా మడిచి ఆమె చేతికిచ్చాడు. "లోపల పెట్టుకోమ్మా స్వామిని, నీ ముందర. ఆడ ముక్కు కాడ కట్టేస్తే ఆయనకూ ఊపిరాడదు, దీనికీ ఊపిరాడదు."

"కంప్యూటరు అబద్ధం చెప్పిందన్నమాట" అన్నాను, తప్పు కాస్తయినా ఇంకెవరి మీదికైనా నెట్టాలని.

"ల్యా. మిషను నిజమే చెప్పింది. గాలి తక్కువ అనింది, గాలి తక్కువే. ఎందుకు తక్కువ అని చదివేటోడు కనుక్కోవాల. మార్చను ఎవుడైనా మారుస్తాడబ్బా."

అప్పుడు మావాడు గొంతు సవరించుకుని, ఆదివారం బేరగాడు వస్తున్నాడని చెప్పాడు. మాట ఇచ్చేశానన్నాడు. ఒక్క గుడ్డ తీసినంత మాత్రాన పద్దెనిమిది వస్తుందని నమ్మకమేంటన్నాడు. కోడలు కారు దిగి వచ్చింది.

"అన్నా, ఇది నమ్మకంగా తిరుగుతాదా? తిరగదంటే ఇప్పుడే చెప్పు. ఆ పద్నాలుగు మందికి ఇంకో దారి చూసుకోమని చెప్పాల నేను. నేనూ ఫ్యాక్టరీలో మాట్లాడుకోవాల."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నేను చెప్తే అది నా మాట అవుతాది. నువ్వు మూడు తూర్లు ధర్మవరం పోయి రా. ఎంత డీజిల్ తాగిందో, ఎన్ని కిలోమీటర్లు పోయిందో రాసుకో. శనివారం కాగితం తీసుకోని రా. అప్పుడు బండే చెప్తాది."

బుధవారం మధ్యాహ్నమే పోయింది. గురువారం, శుక్రవారం పోయింది. వచ్చిన ప్రతిసారీ చేతిసంచీ దించకముందే అంకెలు రాసుకునేది. ఘాటు మూడో గేరులో ఎక్కుతోందని చెప్పేటప్పుడు ఆమె గొంతులో పాత ధైర్యం వినపడింది. కానీ లీటరుకు పదిహేనే వచ్చింది. "మూడు తక్కువుండాది చూసినావా" అన్నాడు మావాడు. గెలిచినట్లు అన్నాడో, భయపడి అన్నాడో నాకు తెలియలేదు.

శనివారం ఆయన కాగితం చూశాడు. బానెట్టు ముట్టుకోలేదు. మేం కారు దిగగానే నాలుగు చక్రాల దగ్గరికీ పోయి, మధ్యలో అరచెయ్యి ఆనించి చూశాడు. వెనక ఎడం చక్రం దగ్గర ఆమెను పిలిచాడు. "ఈడ పెట్టు చెయ్యి."

పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. "కాలుతాండాది!"

"మిగిలినవి?"

"గోరువెచ్చగుండాయి."

జాకీ ఎత్తి రెండు వెనక చక్రాలనూ చేత్తో తిప్పమన్నాడు. కుడిది గిర్రున తిరిగింది. ఎడమది సగం చుట్టు తిరిగి నిలిచిపోయింది. మా వీధి వాలు. ఆమె ప్రతిరోజూ హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి నిలుపుతుంది. ఆ వైపు కేబులు తుప్పుపట్టి, వదిలినా పూర్తిగా వదలడం లేదు. కారు బ్రేకును ఈడ్చుకుంటూ తిరుగుతోంది. కేబులు విప్పి, శుభ్రం చేసి, గ్రీసు పెట్టి, సర్దాడు. మళ్ళీ ఆమె చేతనే తిప్పించాడు. ఈసారి గిర్రున తిరిగింది.

"నీకు బుధవారమే తెలిసింటాది ఇది" అన్నాను.

"తెలుసు. ఘాటు దిగినాక చెయ్యి పెట్టి చూసినా. మూడు దినాలకు ముప్పేమీ ల్యా."

"మరి చెప్పకూడదా? ఆదివారం అమ్మకం ఉండాదని తెలిసి కూడా!"

"రెండూ ఒకేసారి చేసింటే ఏది ఎంత తింటాందో ఈ యమ్మకు తెలుస్తాదా? మీవాడు అంతా గుడ్డ పాపమే అనుకుంటాడు. నువ్వేమో అంతా చక్రమే అని, మళ్ళా పోయి ఆడనే గుడ్డ కట్టి వస్తావు."

మావాడు ఆ దినం మొదటిసారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిజం కదా, కట్టి ఉండేవాణ్ణే.

ఆదివారం పొద్దున పదికి బేరగాడు అమరాపురం నుంచి వచ్చాడు. లావుపాటి మనిషి, బళ్ళు బాగా తెలిసినవాడు. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కారు తోలుకుపోయి, గంట తర్వాత వచ్చాడు. దిగి, వెనక్కి పోయి పొగ చూశాడు. చక్రాలు చూశాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. అంతసేపూ కోడలు మెట్ల మీద నిలబడే ఉంది. సోమవారం ఇవ్వాల్సిన చీరల మూట ఆమె పక్కనే ఉంది.

"బండి బంగారం మాదిరుండాది" అన్నాడు బేరగాడు. మొహంలో మాత్రం సంతోషం లేదు, అనుమానం ఉంది. "ఇంత బాగుండేదాన్ని ఎందుకు అమ్ముతాండావప్పా? నిజం చెప్పు. ఏం దాస్తాండావు నువ్వు?"

మావాడు ఏం చెబుతాడు? కారుకున్న రోగాలన్నీ నిన్నటితో అయిపోయాయి. అమ్మడానికి కారణం వెతుక్కుంటే చేతికి ఒక్కటీ దొరకలేదు. మెట్ల వైపు చూశాడు. ఆమె మావాణ్ణే చూస్తోంది. బతిమాలుతున్నట్లు కాదు. జవాబు నేనూ వినాలి అన్నట్లు.

"దాచేదేం లేదప్పా" అన్నాడు చివరికి. "ఆమెను అడక్కుండా బేరం పెట్టినా. తప్పు నాదే. అమ్మేది ల్యా."

బేరగాడు కాసేపు గొణిగాడు, పెట్రోలు ఖర్చు దండగ అన్నాడు, టీ తాగి పోయాడు. పోతూపోతూ, "ఎవరి దగ్గర చేయించినారో నంబరు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను.

నేను ఆగలేకపోయాను. పెనుకొండకు ఫోను కొట్టాను. జరిగిందంతా ఒక్క ఊపులో చెప్పాను, బేరగాడి అనుమానం, మావాడు తప్పు ఒప్పుకోవడం, అన్నీ. అవతల ఊ అని కూడా అనలేదు. చెడ్డ చెవికి పెట్టుకున్నాడేమో అని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

"ఇన్నాలే అప్పా" అన్నాడు. "ఆ యమ్మకియ్యి ఫోను."

కోడలికి ఇచ్చాను. ఆమె చాలాసేపు విన్నది. మధ్యలో రెండుసార్లు, "తెల్దన్నా... చూస్తా అన్నా" అంది. ఒకసారి బాల్‌పెన్ను తీసుకుని అరచేతిలో ఏదో రాసుకుంది. ఆయన ఆమెతో మాట్లాడినంత ఓపికగా నాతో ఈ నలభై ఏళ్ళలో ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఏమంటాడు? బాగా సంతోషపడినాడా?" అన్నాను.

"సంతోషం సంగతి చెప్పల్యా మామా. ముందు ఓనరు డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చినాడో అడిగినాడు. దాని కింద నీళ్ళు దిగుతాయంట, విప్పి వదలమన్నాడు. ఎట్లా చేయాల్నో చెప్పినాడు. ఇంక ఈ బండి నాతో చానా ఏండ్లు తిరగాల గదా అన్నాడు."

ఫోను నా చేతిలో పెట్టి, చీర కొంగు నడుముకు చెక్కుకుని, ఒక ఖాళీ డబ్బా వెతుక్కుని బయటికి పోయింది. మావాడు వెనకే పోబోయి, గుమ్మం దగ్గర ఆగి, "స్పానరు ఏ సైజు?" అని అడిగాడు.

ఆమె అరచెయ్యి చూసుకుని చెప్పింది.